నల్లగుడ్డుకు అంటు

మామిడికి అంటు కట్టుట నేను తొలుత చూచినది కడియము తోటలలో, నా ఎనిమిదవ యేట. టెంకనుండి మొలచిన మొక్కను కుండీతోగూడ తెచ్చి, మేలుజాతి చెట్టు కొమ్మకు సరియెత్తున మంచెమీద నిలిపి, ముసలి తోటమాలి ఆ రెంటి మేనను బెత్తెడు పొడవున బెరడును, దాని క్రింద పలుచగా కొంత కఱ్ఱను చెక్కివైచి, చెక్కిన తావులను ఒకదానికొకటి ఆనించి, అరటినారతో బిగియగట్టి, పైని బంకమన్నును పేడను కలిపి మెత్తెడివాడు. "ఎక్కువ చెక్కితే మొక్క చచ్చిపోద్ది బాబూ, తక్కువ చెక్కితే అతుక్కోదు" అని అతడు కత్తిని పంచెకు తుడుచుకొనుచు చెప్పిన మాట, నలువది యేండ్ల పిమ్మట ఒక కంటి ఆసుపత్రి వసారాలో కూర్చుండియున్నప్పుడు నా మనస్సునకు తనంతట తానే వచ్చినది. ఏలయన, ఆనాడు వైద్యుడు మా మేనల్లుని కంటికి చేయదలచిన చికిత్సయు అంటుకట్టుటయే, ఆయన తర్కించుచున్న విషయమును ఎంతవఱకు చెక్కవలె ననునదియే.

పిల్లవానికప్పుడు పందొమ్మిదేండ్లు. రెండు మూడేండ్లుగా కండ్లద్దముల నంబరు ఆఱునెలల కొకమాఱు మాఱుచునే యుండెను. అద్దముల దుకాణమువారు మార్చి యిచ్చుచునే యుండిరి, మేము కొనుచునే యుంటిమి. ఒక వెన్నెలరాత్రి డాబామీద పరుండియుండగా వాడు, "మామయ్యా, నీకు చంద్రుడు ఒక్కడే కనిపిస్తున్నాడా?" అని అడిగెను. ఒక్కడే గదరా యనగా, "నాకు అయిదారుగురు, ఒకడి కింద ఒకడు, తోకలు వేలాడేసుకుని" అనెను. అందఱమును నవ్వితిమి, వాని తల్లి తప్ప. "చిన్నప్పటినుంచీ కళ్లు నలుపుకోవద్దురా అని మొత్తుకుంటూనే ఉన్నాను అన్నయ్యా, విన్నాడా!" అని ఆమె, ఆ తప్పు నాదైనట్లు, నావంక చూచినది.

ఆ వ్యాధికి కెరటోకోనస్ అని పేరు. నల్లగుడ్డుపై గడియారపు అద్దమువలె అమరియున్న పారదర్శకమైన పొరను మన పాఠ్యపుస్తకములు శుక్లపటల మనుచున్నవి, ఆసుపత్రులలో అందఱును కార్నియా యనుచున్నారు. (వయసు మీఱినవారికి కంటిలోని కటకమునకు పట్టు శుక్లమునకును దీనికిని పేరులోనే గాని పొత్తు లేదు, ఈ పేరుల పోలికవలన "ఇంత చిన్నవాడికి అప్పుడే శుక్లాలా?" అని బంధువులు వచ్చి మమ్ము పరామర్శించి పోయినారు.) కంటిలోనికి వచ్చు వెలుతురును వంచి లోపలి తెఱపై కూర్చు పనిలో మూడింట రెండు పాళ్లు ఈ పొరదే. నట్టనడుమ దీని మందము అరమిల్లీమీటరుకంటె ఇంచుక యెక్కువ. ఇందులో ఒక్క నెత్తురునాళమైనను లేదు. కావలసిన ప్రాణవాయువును కన్నీటి ద్వారమున గాలినుండియు, ఆహారమును వెనుకనున్న కంటినీటినుండియు ఇది గ్రహించుకొనుచున్నది.

అరమిల్లీమీటరు అన్నంతనే ఏకాండమైన పొరయని తలపరాదు. పైనుండి లోనికి పోయినచో మొదట అయిదాఱు వరుసల కణములు గల తొలిపొర. ఇది గీచుకొన్నను నాలుగైదు దినములలో తిరిగి పెరుగును. దాని క్రింద, విలియమ్ బౌమన్ అను లండను వైద్యుడు 1840వ దశకమున వర్ణించుటచే ఆయన పేరనే వెలసిన బౌమన్ పొర: మందము మిల్లీమీటరులో నూఱవ వంతు, లోపల కణములు లేవు, ఒకమాఱు చినిగెనా మఱల పెరుగదు. ఆ క్రిందిది స్ట్రోమా. మొత్తము మందములో పదింట తొమ్మిది పాళ్లు ఇదియే. కొల్లాజెన్ పోగులు బారులుదీరి ఒక పలకగను, ఆ పలకపై మఱొకటి అడ్డముగను, ఇట్లు రెండువందలకు పైబడిన పలకలు పడుగును పేకయు వలె పేర్చబడియున్నవి. మన చర్మమును ఈ కొల్లాజెన్‌తో నేయబడినదే, కాని చర్మములోనుండి ఆవలివైపు కానరాదు. కార్నియాలో పోగులన్నియు ఒకే సన్నమున, ఒకే యెడమున ఉండుటచే వెలుతురు చెదరక సాగిపోవుచున్నదని డేవిడ్ మారిస్ 1957లో వివరించెను. అన్నిటికంటె లోపల, డెస్సిమెట్ పొర యను పలుచని తెఱకు అంటిపెట్టుకొని, తేనెపట్టు గదులవలె ఆఱు మూలల కణముల ఒంటివరుస యొకటి కలదు. స్ట్రోమాలోనికి ఊరివచ్చు నీటిని ఎప్పటికప్పుడు వెలుపలికి తోడిపోయు ఏతాము ఇది. ఈ ఏతాము నిలిచెనా, కార్నియా నీరుపట్టి ఉబ్బి తెల్లబడును. విచారకరమైన సంగతి యేమన, మనిషి కంటిలో ఈ కణములు చచ్చినచో వాని స్థానమున క్రొత్తవి పుట్టవు. ఉన్నవే సాగి ఆ ఖాళీని కప్పుకొనును.

ఈ లోపలివరుసను పాఠకులు మఱవకుందురుగాక. కథయంతయు దాని చుట్టే తిరుగును.

కెరటోకోనస్‌లో చెడునది నేత. 1854లో జాన్ నాటింగ్‌హామ్ అను లివర్పూలు వైద్యుడు దీనిని గుఱించి ఒక గ్రంథమే వ్రాసెను. పోగుల పట్టు సడలి, పలకలు ఒకదానిపై నొకటి జారి, బౌమన్ పొర తావుతావుల చిట్లి, సామాన్యముగా నడిమికి కొంచెము క్రిందుగా కార్నియా పలుచబడును. కంటిలోని ఒత్తిడి పెరుగనక్కఱలేదు. ఎప్పుడును ఉండునంతయే ఆ బలహీనపు తావును ముందునకు నెట్టుటకు చాలును. గుండ్రని అద్దము క్రమముగా శంకువగును. సామాన్యమైన కంటిలో 43 డయాప్టర్ల ప్రాంతమున నుండు వంపు, ముదిరినవారిలో 60 దాటుటయు కలదు. అట్టివాడు క్రిందికి చూచినప్పుడు క్రిందిరెప్ప నడుమ మొనదేలి ఉబ్బుట మనకు తెలిసిపోవును. యౌవనారంభమున మొదలై ముప్పది, నలువది యేండ్ల వఱకు ముదురుచు, పిమ్మట తానే నిలిచిపోవుట దీని స్వభావము. అనగా చదువు, ఉద్యోగము, పెండ్లి అన్నియు నడుచు కాలముననే చూపు తప్పును. కన్ను నలుపుట దీనికి కారణమా, దీనివలని కార్యమా యను చర్చ వైద్యులలో ఇంకను నడుచుచున్నది గాని, నలుపుకొనువానికి నష్టము హెచ్చు అనుటలో మా చెల్లెలితో ఏకీభవింపని వైద్యుడు నాకు కనబడలేదు.

కార్నియాకు అంటు కట్టవచ్చునను ఊహ ఈ గ్రంథముకంటెను పాతది. 1837లో శామ్యూల్ బిగ్గర్ అను డబ్లిను వైద్యుడు ప్రకటించిన కథ వినుటకు అరేబియా రాత్రులను తలపించును: ఈజిప్టులో ఎడారి బెదూయీనులకు తాను బందీగా నున్నప్పుడు, చూపుపోయిన ఒక పెంపుడు జింక కంటికి మఱొక జింక కార్నియాను కోసి అతికించితిననియు, అది అతికి చూపు వచ్చిన దనియు ఆయన చెప్పెను. మఱుసటియేడు న్యూయార్కులో రిచర్డ్ కిస్సామ్ పంది కార్నియాను మనిషి కంటికి పెట్టి చూచెను. అది కొలదికాలములోనే మసకబారినది. ఇట్టి ప్రయత్నములు డెబ్బదియేండ్లు సాగి, దాదాపు అన్నియు విఫలములైన పిమ్మట, 1905 డిసెంబరు 7వ తేదీన, నేటి చెక్ దేశములోని ఓలొమౌత్స్ పట్టణమున ఎడువర్డ్ జిర్మ్ కత్తి పట్టెను. రోగి ఆలోయిస్ గ్లోగార్ అను కూలివాడు. సున్నము పడి రెండు కండ్లును తెల్లనై యుండెను. మన పల్లెలలో "పువ్వు వేసినది" అందురే, అదియే. ఇనుపముక్క గ్రుచ్చుకొనుటచే కన్ను తీసివేయక తప్పని పదునొకండేండ్ల బాలుడొకడు అదే సమయమున ఆసుపత్రికి వచ్చుట తటస్థించెను. గడియారపు యంత్రమువలె కీ యిచ్చి త్రిప్పు గుండ్రని కోఁతపరికరముతో ఆ కంటినుండి బిళ్లలు కోసి జిర్మ్ కూలివాని కండ్లలో అమర్చెను. కార్నియాను కుట్టదగిన సన్నని దారము నాటికి లేదు. తెల్లగుడ్డుమీది పలుచని పొరనుండి పట్టీలను లాగి, బిళ్లపై అడ్డముగా కట్టి నిలిపెను. ఒక కంటిలోని అంటు చెడిపోయెను. రెండవది నిలిచి, గ్లోగార్ తిరిగి పనిలోనికి పోగలిగెను.

ఇతరుని మాంసమును మన శరీరము సహింపదు. మఱి ఈ బిళ్లను ఏల సహించినది? నెత్తురుపాఱని చోటికి నెత్తురులోని కావలివాండ్రు సులభముగా చేరలేరు గనుక. సున్నపుకంటిలో అది నిలుచుట మాత్రము అదృష్టమే, ఏలయన కాలిన కంటిలోనికి క్రొత్త నాళములు ప్రాకివచ్చుట సాధారణము. కెరటోకోనస్ కంటిలో అట్టి నాళములు లేవు. అందుచేతనే అంటుకట్టు వైద్యులకు ఇంతకంటె అనుకూలమైన క్షేత్రము లేదు. మొదటిసారి అంటు కట్టినవారిలో నూటికి తొంబదిమందికి పైగా అయిదేండ్ల పిమ్మట ఆ అంటు స్వచ్ఛముగా నుండుట సామాన్యము. న్యూయార్కులో రమోన్ కాస్ట్రోవియేఖో ఈ రోగులకు అంటు కట్టుట 1936లో ప్రారంభించెను. ఆయన బిళ్లలు గుండ్రనివి గావు, చదరములు.

కాని కంటికొఱకు ఎవరి కన్నో తీసివేయువఱకు వేచియుండుట యెట్లు? ఒడెస్సాలో వ్లదీమిర్ ఫిలాటొవ్ 1930వ దశకమున మృతుల కండ్లను చల్లదనమున నిలువజేసి వాడి చూపుటతో ఆ చిక్కు విడినది. 1944లో న్యూయార్కున నేత్రనిధి వెలసినది; మఱుసటియేడే మద్రాసు ఎగ్మూరు కంటి ఆసుపత్రిలో డాక్టరు ఆర్.ఇ.ఎస్. ముత్తయ్య భారతదేశములో మొదటి నేత్రనిధిని నెలకొల్పెను. మన కోస్తా, రాయలసీమ జిల్లాలప్పుడు మద్రాసు రాజధానిలోనివే. చలనచిత్ర నిర్మాత ఎల్.వి. ప్రసాద్ పేరిట గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాదున స్థాపించిన నేత్ర సంస్థలో రామాయమ్మ నేత్రనిధి 1989లో ఆరంభమైనది.

కాస్ట్రోవియేఖో నాటినుండి అర్ధశతాబ్దికి పైగా కెరటోకోనస్‌కు అంటు అనగా మందము మొత్తమును కోసి మార్చుటయే. ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పున బిళ్లను ఆరపార కోసి తీసి, దాత బిళ్లను అచ్చట నుంచి, వెండ్రుకకంటె సన్నని నైలాను దారముతో పదునాఱు కుట్లు వేయుదురు. నెత్తురు లేని తావు గనుక గాయము మానుట మిక్కిలి నెమ్మది. కుట్లు ఏడాదియో, అంతకు మించియో ఉండవలసినదే. మానినను పూర్వపు బలము రాదు. మామిడి అంటు పదేండ్లకు ఏది కొమ్మయో ఏది మొదలో తెలియనంతగా కలిసిపోవును. కంటి అంటు అట్లు కలియదు, ఇరువదియేండ్ల పిమ్మట ముఖమునకు బంతి తగిలినను ఆ అతుకు విచ్చుకొను ప్రమాదము కలదు.

అంతకంటె పెద్ద దోష మొకటి ఈ పద్ధతిలో దాగియుండెను. రోగి కంటిలో చెడినది నేత. లోపలి ఏతాము నిక్షేపముగా నున్నది. మందము మొత్తమును కోయుటలో ఆ నిక్షేపమును గూడ పాఱవైచి, దాని స్థానమున పరుని ఏతామును తెచ్చిపెట్టుచుంటిమి. శరీరము ఎప్పుడైనను తిరుగబడినచో చూపును పోగొట్టునంతటి దెబ్బ పడునది ఆ పరాయి కణములపైననే. ముందునకు సాగు సేనవలె ఒక సన్నని గీత బిళ్ల వెనుక ప్రాకి, తాను దాటిన మేర కణములను చంపుచు పోవును. తిరుగబాటు లేకున్నను ఆ కణములు ఏటేట తఱుగుచునే యుండును. డెబ్బదియేండ్ల వృద్ధునకు ఇది పెద్ద చింత గాదు. ఇరువదియేండ్లవానికి కట్టిన అంటు అతని నలువదవ యేట అలసిపోయినచో మఱల కట్టవలెను, ఆపై మఱల. ఈ పద్ధతి పాపమని నేననను. వేలమందికి చూపు నిచ్చినది అదియే. కాని ఉన్న మంచిని కోయకుండుట తెలియని కాలపు విద్య అది.

లోపలివరుసను రోగికే వదలి పైదంతయు మార్చుట ఎట్లు? పొరను కత్తితో వలిచి వలిచి చివరి మిల్లీమీటరు నూఱవ వంతు వద్ద ఆగుట మనిషి చేతికి దాదాపు అసాధ్యము. 2002లో మొహమ్మద్ అన్వర్, క్లౌస్ టైక్మన్ అనువారు కత్తి చేయలేని ఆ పనిని గాలిచేత చేయించు ఉపాయము ప్రకటించిరి. దీనిని నేను ఆసుపత్రి వెలుపలి గదిలో, బంధువులకై యుంచిన టీ.వీ. తెరపై, మా మేనల్లుని కుడికంటిలోనే చూచితిని. తెరనిండ ఒకే కన్ను, దానిలో వృత్తాకారపు గాటు. గాటు అడుగునుండి సన్నని సూది కార్నియా మందములోనికే, అడ్డముగా, అంగుళములో ఎన్నవ వంతో తెలియని వేగమున సాగినది. సూది నిలిచినది. పిచికారీ నొక్కిన మఱుక్షణమున నల్లగా నున్న గుండ్రమంతయు పాలనురుగువలె తెల్లబడినది. నా ప్రక్కను మా చెల్లెలు "అయ్యో" యని నా చేయి పట్టుకొన్నది. తెల్లదనము నడుమ అంచులు తీరిన వెండిబిళ్ల వంటి బుడగ మెల్లగా విచ్చుకొనెను. ఆ బుడగ క్రిందిది లోపలిపొర, పైది రోగపునేత. వైద్యుడు పైభాగమును కొంత వలిచివైచి, బుడగ కప్పునకు మొనతో చిన్న రంధ్రము చేయగనే గాలి తుస్సున పోయి, అది క్రుంగిపోయెను. కప్పును నాలుగు ముక్కలుగా కత్తిరించి తీసివేయగా, కంటిపాపపై ఏమియు లేదా యనునట్లు నల్లగా, తళతళలాడుచు మిగిలినది ఆ పలుచనిపొర. ఒక్క పోటుకు పగులునది. పగిలినచో పాతపద్ధతికి మరలవలసినదే యని ముందే చెప్పియుండిరి. పగులలేదు.

బుడగ అంత శుభ్రముగా ఒకే తావున ఏల విచ్చుకొనుచున్నదో పదేండ్లు ఎవరికిని తెలియలేదు. డెస్సిమెట్ పొరకు ఇంచుక పైగా, గాలిని పోనీయని గట్టి పొర మఱొకటి కలదని హర్మీందర్ దువా 2013లో ప్రకటించెను. అది నిజముగా వేఱుపొరయా, స్ట్రోమా చివరి పలకయేనా యని కొందఱు వాదించిరి. దువా పనిచేసినది ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున. వ్యాధిని వర్ణించిన గ్రంథకర్త యింటిపేరును, ఈ పొరను కనుగొన్న ఊరిపేరును ఒకటే యగుట విధివిలాసము కాబోలు.

పిల్లవాని యెడమకన్ను అంతగా ముదురలేదు. దానికి అంటు అక్కఱలేకపోయినది. జర్మనీలోని డ్రెస్డెనులో పుట్టిన ఉపాయము, 2003లో థియో జైలర్ బృందము ప్రకటించినది, అచ్చట అక్కఱకు వచ్చెను: తొలిపొరను తుడిచి, పచ్చని బి-2 విటమిను చుక్కలతో కార్నియాను నానవైచి, అరగంటసేపు అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేసినచో పోగుల నడుమ క్రొత్త ముడులు పడి నేత బిగియును. వంపును పెద్దగా సరిచేయదు, ముదురకుండ ఆపును. కాని కార్నియా 400 మైక్రానులకంటె పలుచనైపోయినవారికి ఈ కిరణములు లోపలివరుసను కాల్చునను భయముచే మామూలు పద్ధతిలో దీనిని చేయరు.

అట్టి నడిమివారికొఱకు, అనగా కిరణములకు ఆలస్యమై అంటునకు తొందరయైనవారికొఱకు, నెదర్లాండ్సులోని రొట్టర్డామునందు గెరిట్ మెల్లెస్ బృందము 2014లో ప్రకటించిన పద్ధతి నాకన్నిటికంటె వింతగ తోచినది. వారు రోగి కంటినుండి ఏమియు తీసివేయరు. స్ట్రోమా నడిమందమున, దిండుగలీబును విప్పినట్లు, చేతితోనే ఒక సంచిని విడదీయుదురు. దాత కంటినుండి బౌమన్ పొరను మాత్రము, ఉల్లిపొరను తీసినట్లు, వలుతురు. వలిచిన క్షణముననే అది తన బిగువుచే చాపవలె చుట్టుకొనును. కంటికి కానరాని ఆ చుట్టకు నీలిరంగు పట్టించి, సంచిలోనికి జొనిపి, లోపల విప్పి పఱచెదరు. కుట్టు లేదు. ఆ పొరలో కణములే లేవు గనుక శరీరము తిరుగబడుటకు తగిన కారణము అత్యల్పము. నూఱవ వంతు మిల్లీమీటరు మందపు ఈ పట్టీ శంకువు మొనను కొంత అణచి, చాలమందిలో వ్యాధి నడకను నిలిపినది. చూపు చక్కబడుటకు గట్టి కాంటాక్టు లెన్సు మఱల అమరగలిగినచో అదియే వారికి పదివేలు. పట్టు కష్టము, సంచి విడదీయుటలో పొర చినుగుట కలదు, నేర్చినవారు కొలదిమంది. చెన్నైలో సూసన్ జేకబ్ 2018లో ప్రకటించిన పద్ధతి ఇంతకంటె సులువు: దాత స్ట్రోమానుండి వంకరగాజుముక్కల వంటి పట్టీలు కోసి, లేజరుతో తొలిచిన సొరంగములలోనికి దూర్చి, పలుచబడిన కార్నియాకు ఊతమిచ్చుట. ఇంతకుముందు అచ్చట ప్లాస్టికు పట్టీలు పెట్టుచుండిరి. అవి కొందఱిలో వెలుపలికి పొడుచుకొని వచ్చెడివి.

కోయుట తగ్గినకొలది దాత కన్ను విలువ పెరిగినది. లోపలికణములు అలసిన వృద్ధుల కండ్లు పూర్వము అంటునకు పనికిరావని త్రోసివేయబడెడివి. ఇప్పుడు వాని బౌమన్ పొరయు స్ట్రోమాయు కెరటోకోనస్‌వారికి వచ్చును. లోపలివరుస మంచిగానున్న కంటినుండి దానిని వేఱొకనికిచ్చి, ముందుభాగమును మఱొకనికిచ్చుటయు జరుగుచున్నది. అయినను మన దేశమున కండ్లు చాలవు. ఆ కొఱతనుండియే 2022లో స్వీడను దేశపు లిన్‌షోపింగ్ శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగము పుట్టినది: పందిచర్మమునుండి శుద్ధిచేసిన కొల్లాజెన్‌తో స్వచ్ఛమైన బిళ్లలు పోతపోసి, భారతదేశమునను ఇరానునందును ఇరువదిమంది ముదిరిన కెరటోకోనస్ రోగుల కార్నియాలలో, ఏమియు కోసి తీయకయే, సన్నని గాటుగుండ అమర్చిరి. ఆ ఇరువదిమందిలో 14 మంది అంతకుముందు అంధులుగా లెక్కింపబడినవారు. రెండేండ్ల పిమ్మట వారిలో ఒక్కరును అంధులు కారు. కిస్సామ్ పందికార్నియా మసకబాఱి నూట ఎనుబదినాలుగేండ్లకు ఆ జంతువు మఱల మనిషి కంటికి వచ్చినది, ఈ మాఱు కణము లేకుండ, ఉత్త పోగుగా.

మా మేనల్లుని కుడికంటి కుట్లను ఒకేసారి తీయలేదు. కొలతపటములో వంపు ఏవైపు హెచ్చియున్నదో చూచి, ఆవైపు కుట్టును ఒకటి కత్తిరించుట, నెల ఆగుట, మఱల చూచుట, తబలా త్రాళ్లను సవరించి శ్రుతి చేయువాని వలె ఏడాదిన్నర సాగెను. ఎడమకంటి కొలత రెండేండ్లుగా కదలలేదు. అలర్జీ చుక్కలు మాత్రము విడువరాదని చెప్పిరి. వాడిప్పుడు పూనాలో ఉద్యోగమున నున్నాడు. రాత్రి వీడియోలో మాటలాడునపుడు చేయి ముఖమువైపు ఏమాత్రము లేచినను, ఇక్కడ రాజమండ్రిలో వాని తల్లి, "ఒరేయ్, చెయ్యి దించు" అనును.